మూడు వేళ్ళ పిడి

ఈరోజు పొద్దున పరాయివాళ్ళ ముందు మా బావమరిదిని అనకూడని మాట అన్నాను. నోరు జారి అన్నది కాదు.

రేపల్లెలో నాకు చిన్న లేత్ షెడ్డు ఉంది. చెక్క గిన్నెలూ, కాడ ఉన్న గ్లాసులూ చేస్తాను. మా ఆవిడ తమ్ముడు నిజాంపట్నం బోట్లలో వేటకి పోయేవాడు. వల లాగే మిషన్ తాడులో చిక్కుకుని కుడిచేతి చిటికెన వేలూ, ఉంగరం వేలూ పోయాయి. ఇక అతన్ని బోటెక్కించుకునేవాళ్ళు లేరు. రోజూ బస్సులో నా షెడ్డుకి వచ్చి పని నేర్చుకుంటున్నాడు. ఈ పని పట్టుబడకపోతే ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలుకుంటూ కూర్చోవడమే. అది నాకు తెలుసు.

ఈరోజు మొదటిసారి తనంతట తాను ఒక కాడగ్లాసు పూర్తి చేశాడు. తిరుగుతున్న చెక్కకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనించి, ఆ వేడికి కరిగిన రంగుని మొగలి ఆకుతో రుద్ది నిగ్గు తేల్చాడు. కాడ నేను చేసేవాటికంటే సన్నగా వచ్చింది.

అప్పుడే తెనాలి నుంచి భార్యాభర్తలు గిన్నెలు చూడటానికి వచ్చారు. ఆవిడ నా గిన్నెలన్నీ దాటి వెళ్ళి ఆ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"ఇది బాగుందండీ. ఎవరు చేశారు?"

"మా బావమరిదమ్మా. రెండు వేళ్ళు తక్కువ పని కదా, రేటు కూడా తగ్గించి ఇస్తాం," అన్నాను.

వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. "మా బావకి పదీ ఉన్నాయండీ. అయినా మీరు ఇటే వచ్చారు," అన్నాడు. దానికి వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

ఆవిడ చేతిలోంచి గ్లాసు లాక్కుని తిరగేశాను. అడుగున ఉలి జారిన గీత ఉంది.

"చూడండమ్మా, ఇదీ మావాడి సంతకం. ఆ మిగిలిన వేళ్ళు కూడా చేపలకే పెట్టేసి ఉంటే నా చెక్కన్నా దక్కేది."

ఎవరూ నవ్వలేదు. వాళ్ళు ఏమీ కొనకుండానే వెళ్ళిపోయారు. అతను చొక్కా మీది పొట్టు దులుపుకుని, వస్తానని కూడా అనకుండా బస్టాండు వైపు నడిచాడు.

బావ వరస కదా, ఏమైనా అనొచ్చులే అని కాసేపు సర్దిచెప్పుకున్నాను. పెళ్ళిపందిట్లో మేమిద్దరం ఒకరినొకరం ఎన్ని అనుకోలేదు! కానీ వేళాకోళం ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలుసు. ఇంకోటీ తెలుసు. అతనికిచ్చిన ఉలి పిడి నా గుప్పిటకి చేసుకున్నది. సన్నం. అతని చేతిలో అది నిలవదని మొదట్లోనే చూశాను. కొత్త పిడి తిప్పడం పూట పని కూడా కాదు. చెయ్యలేదు. ఉలి జారి అతను నావైపు చూసినప్పుడల్లా నాకు లోపల హాయిగా ఉండేది.

మధ్యాహ్నం నా చిటికెన వేలూ, ఉంగరం వేలూ అరచేతిలోకి మడిచి గుడ్డతో కట్టుకున్నాను. అదే ఉలిని ఒక పనికిరాని చెక్కకి ఆనించాను. ఉలి చెక్కని కొరికింది, పిడి మెలి తిరిగి మణికట్టుకి కొట్టింది. మోచేతి దాకా జివ్వుమంది. ఇన్నాళ్ళూ ఈ దెబ్బ తింటూనే అతను నాతో నవ్వుతూ మాట్లాడాడు.

తుమ్మ చెక్కతో లావుపాటి పిడి మొదలుపెట్టాను. కట్టు విప్పి చెక్క తిప్పడం, మళ్ళీ కట్టుకుని పట్టి చూడటం. చివర బుడిపె ఉంచాను. లక్క వెయ్యలేదు, నునుపైతే జారుతుంది.

సాయంత్రం బస్సెక్కి నిజాంపట్నం వెళ్ళాను. ఎండుచేపల దగ్గర నలుగురితో కూర్చుని ఉన్నాడు.

"ఏంటి బావా, ఇంకేమన్నా మిగిలిందా?"

"మిగిలింది," అన్నాను. పొద్దున నేనన్న మాట అందరూ వినేలా ఉన్నదున్నట్టు చెప్పాను. అతని పని నా పనికంటే బాగుంటే ఓర్వలేక అన్నానని కూడా చెప్పాను.

"సిగ్గుందా అల్లుడూ?" అంది చేపలు తిరగేస్తున్న ముసలామె.

"లేకపోయింది అత్తా."

పిడి అతని చేతికిచ్చాను. మూడు వేళ్ళతో బిగించి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఉలి లేకుండా దీన్నేం చేసుకోను?"

"ఉలి షెడ్డులో ఉంది."

వస్తానని అనలేదు. పిడి తిరిగి ఇవ్వలేదు.

రేపల్లెలో బస్సు దిగి నేరుగా షెడ్డుకి వెళ్ళాను. ఆ ఉలి నుంచి నా పిడి ఊడగొట్టి, ఉత్త ఇనుముని అతను నిలబడే చోట పెట్టాను.