తెరుచుకోని కిటికీలు

కొత్త టవర్ డిజైన్లకు మార్కులు వేయడానికి విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లాను. ఆఖరి మీటింగుకు బయల్దేరితే పాతబస్తీ సందులో నా ఆటో ఆగిపోయింది. పూలమ్మే ఆయన సైకిల్ అడ్డంగా పెట్టి, రెండో అంతస్తు కిటికీలోంచి ఒకావిడ తాడుతో దించుతున్న బుట్ట కోసం తాపీగా చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"తొందరగా కానివ్వవయ్యా!"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, రెండే నిమిషాలు."

బుట్టలో మల్లెలు వేసి, నా ఒళ్లో ఉన్న టవర్ బొమ్మలోకి తొంగిచూశాడు. నలభై అంతస్తులు, నిలువెల్లా అద్దం.

"మస్తుంది సార్. మరి గీ బిల్డింగ్‌ల బుట్ట ఏడికెల్లి దించుతరు?"

అద్దం నునుపు చెడకూడదని అందులో ఒక్క కిటికీ కూడా తెరుచుకోకుండా గీశారు. ఆ నునుపుకే నిన్న పదికి తొమ్మిది వేశాను.

"ముందు నీ సైకిల్ తియ్యవయ్యా!" అని అరిచాను.