డజను మీద కొసరు

కంప్యూటర్ తెర మీద మా పూసల దండ ఫోటో మొదటిసారి కనిపించినప్పుడు నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టేశాను. పక్కన పరీక్షల ఫలితాలు చూసుకుంటున్న వాళ్ళంతా నా వైపు తిరిగారు. నెట్ సెంటర్ నడిపే అన్న గల్లాపెట్టె దగ్గర నుంచే, "ఏమ్మా, పాసయితివా?" అని అరిచాడు.

"పాసు కాదన్నా, అంగడి తెరిచినాం!" అన్నాను. కళ్యాణదుర్గంలో గాజులమ్ముకునే ఇంటి పిల్ల ప్రపంచానికంతా అంగడి తెరవడం చిన్న విషయమా మరి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. అమ్మ గాజుల మలారం భుజాన వేసుకుని కంబదూరు పక్క పల్లెలన్నీ తిరిగేది. ఆ మోత బరువుకు ఆమె కుడి భుజం కాస్త కిందికి వాలి ఉండేది. నాయన ఇంటి వెనక రేకుల కింద కూర్చుని, చిట్లిన గాజు ముక్కలను మంట మీద కరిగించి పూసలు చేసేవాడు. సుద్ద పూసిన ఇనుప తీగ చుట్టూ కరిగిన గాజును తిప్పి తిప్పి గుండ్రంగా తెచ్చి, వేడి బూడిదలో పూడ్చిపెట్టేవాడు. బూడిదలో మెల్లగా చల్లారాలి. తొందరపడి తీస్తే పూస టప్పుమని పగులుతుంది. నాకు పుట్టుకతోనే తొందర ఎక్కువ కాబట్టి నన్ను ఆ బూడిద దాపుకు రానిచ్చేవాడు కాదు. దండలు గుచ్చడం మాత్రం నా పని.

అప్పుడు వరసగా కరువు. చేలో వేరుశనగ ఎండిపోతే ఆడవాళ్ళు మొదట మానుకునేది గాజులే. అమ్మ పొద్దున మోసుకుపోయిన మలారాన్ని మునిమాపుకు అట్లాగే మోసుకొచ్చేది. ఊళ్ళో సగం మంది బెంగళూరుకు కూలికి పోతున్నారు. మనమూ పోదామా అనే మాట మా ఇంట్లోనూ మొదలైంది. పోతే నాయన నిప్పు ఆర్పేసి, ఆ చేతులతో ఇటుకలు మోయాలి. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండిపోయేది.

అట్లాంటి రోజుల్లో నెట్ సెంటర్ అన్న నాకు ఒక టోకు బేరాల వెబ్‌సైట్ చూపించాడు. ఏయే దేశాల అంగళ్ళవాళ్ళో అందులోకి వచ్చి డజన్ల లెక్కన సరుకు కొంటారట. అమ్మ పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర పరిచి, దాని మీద దండలు పెట్టి ఫోటోలు తీయించాను. ఇక రోజూ సైకిలేసుకుని నెట్ సెంటర్‌కు పరుగు. ధర అడిగి మాయమయ్యేవాళ్ళు కొందరు, నమూనాలు ఉచితంగా పంపమనేవాళ్ళు కొందరు. ఒక మహానుభావుడు గాజు వద్దుగానీ మీ దిక్కున గ్రానైట్ దొరుకుతుందా అని అడిగాడు. ఆయనను తిడుతూ నేను రాసిన జవాబును అన్న పంపనివ్వలేదు.

చివరికి హాలండ్ నుంచి ఒకామె రాసింది. చిన్న నగల అంగడి నడుపుతుందట. ఫోటోల్లో దండలు నచ్చాయి, ఇన్ని డజన్లు కావాలి, ఈ సరుకు సరిగా అందితే ఏడాది పొడుగునా మీ దగ్గరే తీసుకుంటాను అంది. నేను ఇంటికి ఎట్లా వచ్చానో నాకే తెలియదు. సైకిల్ నెట్ సెంటర్ దగ్గరే ఉండిపోయింది.

"హాలండా? అది యాడుండాది?" అన్నాడు నాయన.

"సముద్రాలు దాటి పోవల్ల నాయనా!"

"ఎంత దూరమైతే మనకేం లే. ముందు నిప్పు రాజెయ్ పో," అన్నాడు.

అబ్బ, ఆ రోజులు! నీలం, పచ్చ, తేనె రంగు పూసలు జల్లెడలో నుంచి బూడిద రాలుతూ బయటికి వస్తుంటే పండగలాగా ఉండేది. నాయన చేస్తే నేను గుచ్చాను, నేను గుచ్చితే అమ్మ డజన్ల లెక్కన పొట్లాలు కట్టింది. అనంతపురం పెద్ద పోస్టాఫీసులో కస్టమ్స్ కాగితం నింపి, ఎన్ని డజన్లో, ఎన్ని దండలో తప్పు లేకుండా రాసి పెట్టె పంపాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కనిపించిన ప్రతి ఎండు చేనుకూ నవ్వు మొహం చూపిస్తూ వచ్చాను.

తర్వాత ఆమె దగ్గర నుంచి వచ్చిన కబురును రెండుసార్లు చదివాను. పెట్టెను కస్టమ్స్ వాళ్ళు ఆపేశారు. కాగితంలో రాసిన లెక్క కంటే లోపల దండలు ఎక్కువున్నాయట. దొంగ సరుకేమోనని వాళ్ళ అనుమానం. కాగితం తప్పా, పెట్టె తప్పా, ఏదో ఒకటి చెప్పండి, లేదంటే సరుకు వెనక్కి పంపేస్తారు అని రాసింది.

ఇంటికి పోయి అమ్మ ముందు నిలబడ్డాను. "అమ్మా, పొట్లాలల్లో ఎక్కువేసినావా?"

"ఏసినా. డజనుకొకటి," అంది అమ్మ, కూరాకు ఏరుతూనే.

"ఎందుకేసినావే?"

"ఎందుకేమిటి? కొసరెయ్యకుండా ఎట్ల పంపేది? ఏ చేతికి గాజులు తొడిగినా పైన ఒకటి ఊరికే ఎయ్యకుండా నేను లేచిన దాన్నేనా? అందులో మొదటి బోణీ కూడా."

"ఆయమ్మ అడగలేదు కదా!"

"అడిగినాక ఏస్తే అది కొసరెట్లయితాది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచాను. అమ్మ నాకంటే గట్టిగా అరిచింది. నాయన మాత్రం పోయి నిప్పు మీద నీళ్ళు చల్లాడు. ఆ చుయ్ మన్న చప్పుడుతో మా గొడవ ఆగిపోయింది.

నెట్ సెంటర్ అన్న, "తప్పయిందని రాసి వదిలెయ్ మా," అన్నాడు. నాకు మనసొప్పలేదు. అమ్మ మీద ఎంత కోపమున్నా, ఆమె చేసినది దొంగతనమని పరాయి దేశం వాళ్ళు అనుకుంటే ఊరుకుంటానా! నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి రాశాను. మా ఊళ్ళో ఆకుకూర కొంటే పైన గుప్పెడు వేస్తారు, పాలు కొలిచాక ఇంకొంచెం ఒంపుతారు, గాజులు తొడిగాక ఒకటి ఎక్కువ తొడుగుతారు. దానికి దుడ్లు తీసుకోరు, లెక్కలో రాయరు. మా అమ్మ మీకు కూడా అట్లాగే వేసింది. కాగితమూ తప్పు కాదు, పెట్టె కూడా తప్పు కాదు. ఇంతే రాశాను.

జవాబు లేదు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఇంటికొచ్చి బెంగళూరు లారీ ఎప్పుడు కదులుతుందో చెప్పిపోయాడు. అమ్మ గిన్నెలు మూట కట్టింది. నేను మాత్రం నెట్ సెంటర్‌కు పోవడం మానలేదు. అన్న నన్ను చూస్తూనే దుడ్లు అడగకుండా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవాడు.

జవాబు వచ్చిన పూట నేను చదవలేదు, అన్నే గట్టిగా చదివాడు. ఆమె నా ఉత్తరం అచ్చు తీసి కస్టమ్స్ ఆఫీసులో చూపించిందట. వాళ్ళు నవ్వి, కాగితం దిద్దించుకుని పెట్టె వదిలేశారట. ఆ కొసరు సంగతి తన గిరాకీలకు కూడా చెబితే వాళ్ళు మురిసిపోయారట. ఈసారి ముందుకంటే రెండింతలు కావాలంది. కొసరు కూడా కావాలి, కానీ దయచేసి కాగితంలో రాయండి, డజనుకు పదమూడు అని. అన్న చదవడం ఆపేసి నాకంటే ముందు చప్పట్లు కొట్టాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది, ఏడ్చేశాను.

మేస్త్రీ లారీ మేము లేకుండానే పోయింది. నాయన నిప్పు రాజేశాడు. మళ్ళీ పూసలు, మళ్ళీ దండలు, మళ్ళీ పొట్లాలు. అమ్మ కట్టిన పొట్లాన్ని ఈసారి వదలకుండా విప్పి లెక్కపెట్టాను. పద్నాలుగు.

"పదమూడే కదమ్మా చెప్పింది!"

"పదమూడు కాగితంలో రాస్తివి కదే. రాసినాక అది లెక్కలోకి పాయ. మరి కొసరేదీ?"

నాయన రేకుల కింద నుంచి పకపకా నవ్వాడు. అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మా వీధిలోనే లేరు. నేను కస్టమ్స్ కాగితం తీసి, పదమూడు కొట్టేసి పద్నాలుగు అని రాశాను. ఆ సంగతి అమ్మకు మాత్రం ఇవాళ్టికీ చెప్పలేదు.