ఒంటిగంటా యాభైకి లేచే ఎనిమిదో మెషీన్

విశ్వకర్మ పూజ రోజున మా ఫ్యాక్టరీలో సర్వర్‌కి కూడా బొట్టు పెడతారు. కుంకుమ ఫ్యాన్లలోకి పోతుందని ఏటా గొంతు చించుకునేది నేనే. గాలీ ధూళీ కబుర్లంటే నాకు ఒళ్ళు మంట. మనిషి పోతే కథ అక్కడితో సరి అని నలుగురిలో వాదించి, చీవాట్లు కూడా తిన్నాను. కింద రాసింది చదివి నన్ను దెయ్యాలు నమ్మే బాపతు మనిషనుకోకండి.

మాది భిలాయిలో ఖుర్సీపార్. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. ప్లాంటుకి విడిభాగాలు చేసిచ్చే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్లు చూస్తాను. కాంట్రాక్టు ఉద్యోగం. నాకు ముందు ఆ పని చేసిన సింహాచలం గారు ఒక ఆదివారం గుండె ఆగి పోయారు. మూడు నెలలు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. తర్వాత నన్ను తీసుకున్నారు. ఆయన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయన నడిపిన సర్వర్ ఒకటే. అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క పెట్టెనే ఏడెనిమిది మెషీన్లుగా పంచి నడుపుతుంది. లారీల కాంటాకి ఒకటి, గేటు పాసులకి ఒకటి, హాజరుకి ఒకటి, ఇలాగ. ఈ మధ్య ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ లైసెన్సు ధర అమాంతం పెంచేసింది. అయినా కట్టేద్దామన్నారు మా మేనేజరు దూబే గారు. రేపు ఏదైనా అయితే పట్టుకుని అడగడానికి ఒక కంపెనీ ఉంటుంది కదా అని ఆయన ధైర్యం. నేను ఓపెన్ సోర్స్‌ది పెడదామన్నాను. లైసెన్సు గొడవ లేదు, లోపల ఏం జరుగుతోందో అంతా మన కంటికి కనబడుతుంది, ఎవరి దయా అక్కర్లేదు. మీటింగులో కాస్త ఎక్కువే మాట్లాడాను. నా నోరు అలాంటిది.

సరే, వారం రోజులు నడిపి చూపించమన్నారు. శుక్రవారం దాకా లారీలు ఆగకూడదు. ఆగితే పాతదే కొంటాం, మీ కాంట్రాక్టు సంగతి కూడా అప్పుడే చూద్దాం అన్నారు, నవ్వుతూనే. తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తోంది.

పాత సర్వర్‌లో ఎనిమిది పేర్లున్నాయి. ఏడు నడుస్తున్నాయి. ఎనిమిదోదాని పేరు ‘జనరల్’, అది ఎప్పటినుంచో ఆపేసి ఉంది. ఎందుకు పెట్టారో చెప్పే కాయితం లేదు, చెప్పే మనిషీ లేడు. దాన్ని వదిలేసి, శనివారం మిగతా ఏడింటినే ఓపెన్ సోర్స్‌ది పెట్టిన కొత్త సర్వర్‌లోకి మార్చాను. పాతదాని కరెంటు వైరు నా చేత్తో పీకేశాను. మార్చినవాటికి టిక్కులు పెట్టుకున్న లిస్టు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఏడే టిక్కులు.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి కాంటా కంప్యూటరు బిగుసుకుపోయింది. లారీలు హారన్లు మొదలుపెట్టాయి. పరుగెత్తి స్క్రీన్ చూస్తే ఎనిమిది పేర్లు. ‘జనరల్’ నడుస్తోంది. మిగతావాటి మెమరీ అంతా అదే లాగేసుకుంది. తెరిస్తే నల్లటి తెర, మినుకుమినుకుమనే చిన్న గీత, అంతే. ఆపుదామంటే ఆగదు. సరిగ్గా రెండింటికి, షిఫ్టు మారే సైరన్ మోగుతుండగా, దానంతట అదే ఆగిపోయింది.

పొరపాటున నేనే మార్చి ఉంటానని తిట్టుకుని దాన్ని పూర్తిగా తీసేశాను. మంగళవారం మళ్ళీ అదే టైముకి వచ్చింది. పాస్‌వర్డ్ మార్చాను. ఇంటర్నెట్ లైను పీకేశాను. బుధవారం స్టోర్స్‌లో పనిచేసే మీనా దీదీని పక్కన నిలబెట్టుకున్నాను, నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చి. ఏడు పేర్లు చూశాం. గడియారంలో యాభై అయింది. ఎనిమిది పేర్లు. దీదీ “హే రామ్” అని బయటికి వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

ఏ మెషీన్ని ఎవరు ఆన్ చేశారో సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంది. మనిషైతే మనిషి పేరు, తనంతట తాను చేస్తే సిస్టమ్ అని. ‘జనరల్’ ఎదురుగా ఆ గడి ఖాళీగా ఉంది. అలా ఉండే వీలే లేదు.

ఆ సాయంత్రం దూబే గారు పిలిచి, రోజూ ఆగింది పది నిమిషాలే కదా అని ఊరుకున్నాను, ఇంకొక్క రోజు చూస్తాను, ఆ తర్వాత నన్నేమీ అనొద్దు అన్నారు.

రాత్రి అన్నం దగ్గర నాన్న నా కంచం వైపు చూశారు. “ఏటమ్మా, ముద్ద దిగట్లేదేటి?”

చెప్పాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు.

“ఆ బాబు దగ్గర చార్జి ఎవులు తీసుకున్నారు?”

“ఎవరు తీసుకుంటారు నాన్నా, ఆయన పోయాక కదా నేను చేరింది!”

“మరింకేటి. రిలీవర్ రాకుండా సీటొదిలీసి ఎలాగెల్తాడు?”

ప్లాంటులో అదే రివాజు. తర్వాతి షిఫ్టు మనిషి పది నిమిషాలు ముందొస్తాడు. ఏది నడుస్తోంది, ఏది ఆగింది నోటితో చెప్పించుకుని, చార్జి తీసుకున్నానని నోటితో అంటాడు. అంతవరకూ మొదటివాడు కదలడు. రిలీవర్ రాక నాన్న రెండు షిఫ్టులు చేసొచ్చిన రోజులు నాకు తెలుసు. అయినా ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక్కడ ఉద్యోగం పోతుంటే నీకు వేళాకోళంగా ఉందా అని అరిచేసి లేచిపోయాను.

గురువారం ఒంటిగంటా నలభై అయిదుకి సర్వర్ గది తలుపు గడియ పెట్టాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. యాభైకి వచ్చింది. లేచి నిలబడ్డాను.

“సింహాచలం గారూ, నా పేరు లక్ష్మి. మీ ఏడు మెషీన్లూ నడుస్తున్నాయి. చార్జి నేను తీసుకున్నాను. మీరింక ఇంటికెళ్ళండి.”

ముఖం కూడా ఎరగని మనిషి కోసం వెక్కివెక్కి ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. కళ్ళు తుడుచుకుని చూస్తే ఒంటిగంటా యాభై రెండు. ఏడు పేర్లు.

శుక్రవారం రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఓపెన్ సోర్స్‌దే ఉంచేశారు, నా కాంట్రాక్టు పొడిగించారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ ఫోరంలో ఆ రికార్డులన్నీ పెట్టి అడిగాను. తెలిసినవాళ్ళు కూడా ఇది కుదరదు, ఎక్కడో పొరబడ్డారు అన్నారు. ఎక్కడ పొరబడ్డానో నాకూ దొరకలేదు.

ఇప్పుడు ఆ ఏడింటి సంగతీ తెలిసినదాన్ని ఫ్యాక్టరీలో నేనొక్కదాన్నే. ఇంకొకరిని పెట్టండి, అన్నీ నోటితో అప్పగిస్తానని దూబే గారిని మూడుసార్లు అడిగాను. అంత తొందరేమొచ్చింది, ఎక్కడికైనా వెళ్ళిపోతున్నారా అని ఆయన నవ్వుతారు. మెయిల్‌లో రాసిపెట్టండి చాలు అంటారు. రాసిపెడితే చాలదని ఆయనకెలా చెప్పను? రేపు నాకేదైనా అయితే, నన్ను ఇంటికెళ్ళమని చెప్పడానికి ఎవరూ లేరు.