ఐదంతస్తుల కింద అడవి పసుపు

పెంటయ్య పొద్దున్నే వచ్చి ముందుగా చేసే పని ఒకటే. చూపుడు వేలు మట్టిలో రెండో కణుపు దాకా గుచ్చుతాడు. తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కళ్లు మూసుకుంటాడు. తర్వాత అదే వేలితో లిఫ్టు బటన్ నొక్కుతాడు.

అందుకే ఆబిడ్స్‌లోని ఆ ఐదంతస్తుల బిల్డింగులో లిఫ్టు బటన్ల మీద అంకెలు కనిపించవు. మట్టి కనిపిస్తుంది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. బటన్ నొక్కేది లిఫ్టు నడిపే పెంటయ్య ఒక్కడే. ఇరవై రెండేళ్లుగా నొక్కుతున్నాడు.

లిఫ్టు పాతది. ఇనుప జాలీ తలుపు. లోపల ఒక స్టూలు, ఒక చిన్న ఫ్యాను, ఒక బల్బు. లిఫ్టు వెనక డక్టు. నాలుగు గోడల మధ్య మిగిలిపోయిన జాగా అది. ఆరడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు. పైన అగ్గిపెట్టెంత ఆకాశం. మే నెలలో మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఎండ దిగుతుంది. మిగతా ఏడాదంతా నీడ. పదకొండు ఏసీలు అందులోకి నీళ్లు కారుస్తుంటాయి. ఒకప్పుడు ఐదంతస్తుల వాళ్లూ టీ కప్పులు అందులోకే విసిరేవారు.

తొమ్మిదేళ్ల కిందట పెంటయ్య చుట్టాల పెళ్లికని నాంపల్లిలో రైలెక్కి వికారాబాద్ అవతల తన ఊరికి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు తువ్వాలలో ఐదు గడ్డలు మూటగట్టుకొచ్చాడు. అడవి పసుపు. చిన్నప్పుడు మేకల వెనక తిరిగిన అడవిలో, పెద్ద చెట్ల కింద, ఎండ తగలని చోట అది పూసేది. డక్టు ముందు నిలబడి పెంటయ్య చాలాసేపు ఆలోచించాడు. ఇక్కడ చెట్లు లేవు. నీడైతే ఉంది. నీడ చెట్టుదైతేనేం, బిల్డింగుదైతేనేం?

పద్నాలుగు బస్తాల చెత్త ఎత్తిపోశాడు. పబ్లిక్ గార్డెన్‌లో రాలిన ఆకులు సంచుల్లో మోసుకొచ్చి మట్టిలో కలిపాడు. గడ్డలు పెట్టాడు. ఆ ఏడాది రెండు పూశాయి. మరుసటి ఏడాది ఏడు.

అడవి పసుపు తీరు వేరు. మొదటి వాన చెమ్మ తగలగానే ముందు పువ్వు వస్తుంది, ఆకు తర్వాత. గులాబీ రంగు దొన్నెలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఒక్కో దొన్నెలో ఒక పసుప్పచ్చ పువ్వు. దీపావళి దాటాక ఆకులు ఎండిపోతాయి. ఆ తర్వాత ఆరు నెలలు పైకి ఏమీ కనిపించదు. ఆ ఆరు నెలలు గడ్డ దాహంతో నిద్రపోవాలి. అందుకే ఆకులు ఎండగానే పెంటయ్య ఏసీ నీళ్లన్నీ ఒక పైపులోకి తిప్పి మురుగు మోరీలో వదులుతాడు. జూన్‌లో మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాడు పైపు తీసేస్తాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది జనవరిలో రెండో అంతస్తులోకి గోపాలరావు వచ్చాడు. ఆఫీసులకు కుర్చీలు అమ్మే మనిషి. నెల తిరగకుండానే బిల్డింగు అసోసియేషన్‌కు సెక్రటరీ అయ్యాడు. తెల్ల చొక్కా, మెరిసే బూట్లు. ఆ బూట్లతో ఏప్రిల్‌లో ఒకరోజు డక్టులోకి దిగాడు.

"పెంటయ్యా, ఏంది గిది?"

"తోట సార్."

గోపాలరావు చుట్టూ చూశాడు. మట్టి కనిపించింది.

"ఏడుంది తోట?"

"లోపల పండుకుంది సార్."

జాలీ దగ్గర నిలబడ్డ వాళ్లు పగలబడి నవ్వారు. గోపాలరావుకు చెవులు ఎర్రబడ్డాయి. నవ్వింది తననే అనుకున్నాడు.

"నవ్వున్రి. గిదంతా గచ్చు చేయిస్త. స్టోర్ రూమ్ కడత."

మొదటి అంతస్తు టైలర్ అంజన్ ముందుకొచ్చాడు. "అట్లనకు సార్. మిరుగానికి పువ్వొస్తది. మేం ఏటా చూస్తనే ఉన్నం."

"సరే. మిరుగం నాటికి పువ్వు చూపెట్టున్రి. వస్తే డక్టు పెంటయ్యది. రాకుంటే తెల్లారే మేస్త్రీ వస్తడు. నా మాట అంటే మాటే."

ఆ సాయంత్రం పెంటయ్య ఇంటికి నడిచి వెళ్లాడు. నాంపల్లిలో ఒక గది కిరాయికి ఉంటాడు. భార్య రాణి రొట్టెలు చేస్తూ సంగతంతా విన్నది.

"మట్టికోసం గింత ఫికరా? నన్ను ఇరవై రెండేండ్లల్ల ఒక్కసారన్న ఆ లిఫ్టు ఎక్కించినవా?"

"నువ్వడగలే."

"గడ్డలు అడిగినయా?"

పెంటయ్య రొట్టె నమిలాడు.

మే నెల మూడో వారంలో వేలు అబద్ధం చెప్పింది. అలాగే అనుకున్నాడు పెంటయ్య. మట్టిలో గుచ్చితే తడి తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన. మళ్లీ గుచ్చాడు. మళ్లీ అదే. పైపు చూశాడు. పైపు బాగానే ఉంది. వాన లేదు. రోడ్డు మీద తారు కరుగుతోంది. ఇక్కడ మట్టి బురదవుతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ లిఫ్టును మొదటి అంతస్తుకూ కిందికీ మధ్య ఆపాడు. అక్కడ గోడలో ఒక గాలి కిటికీ ఉంది. అందులోంచి డక్టు మొత్తం కనిపిస్తుంది. స్టూలు మీద కూర్చుని ఎదురుచూశాడు.

మొదట అంజన్ వచ్చాడు. మెడలో టేపు. చేతిలో ఇస్త్రీ బట్టల మీద చల్లే నీళ్ల సీసా. అటూ ఇటూ చూసి సీసా మొత్తం ఒంపాడు. "లెవ్వు తల్లీ, లెవ్వు. మన ఇజ్జత్ సవాల్."

అతను వెళ్లిన ఐదు నిమిషాలకు ఉజ్వల వచ్చింది. మూడో అంతస్తు ఆడిటర్ దగ్గర పనిచేసే అమ్మాయి. వాటర్ బాటిల్ బోర్లించి, వంగి, మట్టితో గుసగుసలాడింది. "ప్లీజ్. ఒక్క పువ్వు చాలు."

తర్వాత నాలుగో అంతస్తు వాళ్లు ఇద్దరు. ఒకరి తర్వాత ఒకరు. తామొక్కరే పెంటయ్యకు సాయం చేస్తున్నామని ప్రతివారూ అనుకుంటున్నారు. ప్రతివారూ దొంగల్లా నడుస్తున్నారు. ముందు పెంటయ్య లేచి అరవబోయాడు. తర్వాత నవ్వు మొదలైంది. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు.

చివరగా మెరిసే బూట్లు కనిపించాయి.

గోపాలరావు మునివేళ్ల మీద వస్తున్నాడు. ఒక చేత్తో ప్యాంటు ఎత్తిపట్టుకున్నాడు. రెండో చేతిలో బాత్‌రూమ్ మగ్గు. నిండా నీళ్లు. నెమ్మదిగా, మూలమూలకూ పోశాడు. వెళ్లాడు. ఇంకో మగ్గుతో మళ్లీ వచ్చాడు.

"పెంటయ్య గడ్డలకు చెప్తున్న," అన్నాడు మట్టి వైపు వేలు చూపించి, మీటింగులో మాట్లాడినట్టు. "జర జల్దీ చేయున్రి. నా మాట నేను వెనకకు తీసుకోలేను."

పెంటయ్య స్టూలు మీది నుంచి జారిపడ్డాడు. లిఫ్టు ఊగింది. పైన ఎవరో బెల్లు కొడుతున్నారు. లేవలేకపోయాడు. నవ్వీ నవ్వీ కళ్ల నీళ్లు కారాయి. బయటికి వెళ్లి వాళ్లను ఆపొచ్చు. ఆపితే అందరూ సిగ్గుపడతారు. ప్రేమతో పోసిన నీళ్లకు మనిషిని ఎలా తిట్టాలి?

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక మట్టి తవ్వాడు. సగానికి పైగా గడ్డలు మెత్తబడి చేతిలో చితికిపోయాయి. అప్పుడు నవ్వు రాలేదు. గట్టిగా ఉన్నవి తొమ్మిది దొరికాయి. తుడిచి, పెయింటు డబ్బాలో పొడి ఇసుక పోసి, అందులో పెట్టాడు. డబ్బా ఎక్కడ పెట్టాలి? ఇంట్లో పెడితే రాణి నవ్వుతుంది. బిల్డింగులో ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు నీళ్లు పోస్తారు. చివరికి లిఫ్టులో తన స్టూలు కింద దాచాడు. ముందు ఒక గోనెగుడ్డ వేలాడదీశాడు. తవ్విన మట్టి ఎప్పటిలా చదును చేశాడు.

ఆ రోజు నుంచి అడవి పసుపు రోజుకు రెండు వందల సార్లు ఐదంతస్తులు ఎక్కింది, దిగింది. ఖాళీ మట్టికి రోజూ నీళ్లు అందాయి. పెంటయ్య మాత్రం పొద్దున్నే డక్టులోకి కాక స్టూలు కిందికి వేలు పోనిస్తున్నాడు. పొడి. గోరువెచ్చన. ఏమీ లేదు.

మిరుగానికి నాలుగు రోజుల ముందు వాన పడింది. గాలిలోకి చెమ్మ వచ్చింది. రెండు రోజుల ముందు వేలికి ఏదో గుచ్చుకుంది. పెంటయ్య ఐదో అంతస్తుకు వెళ్లాల్సిన మనిషిని మూడో అంతస్తులో దించేశాడు.

"ఏంది పెంటయ్యా, నాది ఐదు కదా?"

"నడువున్రి సార్, మంచిది," అని తలుపు వేసేశాడు.

మిరుగం నాడు ఉబ్బసానికిచ్చే చేప మందు కోసం ఊళ్లకు ఊళ్లే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండుకు కదిలాయి. ఆబిడ్స్ దాకా బస్సులు ఆగిపోయాయి. అయినా బిల్డింగులో అందరూ టైముకు వచ్చారు. పదకొండు గంటలకు డక్టు ముందు గుంపు కట్టారు. గోపాలరావు అందరికన్నా ముందు నిలబడ్డాడు. మట్టిలో మొలక లేదు. ఒక పుట్టగొడుగు మాత్రం ఉంది.

"పెంటయ్యా," అన్నాడు. వంగి మట్టి కెలికాడు. "ఏడుంది పువ్వు?"

పెంటయ్య లిఫ్టు దగ్గరికి నడిచాడు. జాలీ తలుపు లాగాడు. గోనెగుడ్డ ఎత్తాడు. స్టూలు కింద, బల్బు వెలుగులో, గులాబీ రంగు దొన్నెలు. ఒకటి కాదు, మూడు కంకులు.

ఉజ్వల కెవ్వుమంది. అంజన్ ఈల వేశాడు. గోపాలరావు మొహం ఒక్క క్షణం వెలిగింది. మరుక్షణం సెక్రటరీ అయిపోయింది.

"డక్టుల అన్న కదా. గిది లిఫ్టు."

"ఔ సార్," అన్నాడు పెంటయ్య. "డక్టుల ఉన్నవి కుళ్లిపోయినయి. ఎండకాలం దానికి నీళ్లు పడొద్దు. ఎవరో రోజూ పోసిన్రు."

అందరూ కాళ్ల వైపు చూసుకున్నారు. పైన ఏసీలు గుర్రుమంటున్నాయి.

"అంకుల్... నేను రోజుకొక్క బాటిల్ అంతే," అంది ఉజ్వల.

"నువ్వు కూడానా?" అన్నాడు అంజన్. తర్వాత నాలిక కరుచుకున్నాడు.

నాలుగో అంతస్తు వాళ్లు చేతులెత్తారు. ఒక్కొక్కరు ఒప్పుకునేకొద్దీ నవ్వు పెరిగింది. పెంటయ్య గోపాలరావు వైపు చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది. అతను చెప్పకపోతే తాను చెప్పడు. చెప్పకపోతే రేపు మేస్త్రీ వస్తాడు. పెంటయ్య తన చూపుడు వేలునే చూస్తూ నిలబడ్డాడు.

నవ్వులు తగ్గాయి. గోపాలరావు కాలరు సవరించుకున్నాడు.

"రెండు మగ్గులు," అన్నాడు.

"ఏంది సార్?"

"రోజూ. రెండు మగ్గులు. పొద్దటిపూట కూడా ఒక్కోసారి." కర్చీఫుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు గెలవాలని లేకుండె పెంటయ్యా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అంజన్ మెట్ల మీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు. ఉజ్వల గోడకు ఆనుకుని నవ్వింది. గోపాలరావు కోపంగా ఉండడానికి ప్రయత్నించాడు. మొదట భుజాలు ఊగాయి. తర్వాత మనిషంతా ఊగాడు.

"మేస్త్రీకి ఫోన్ చెయ్యాలె," అన్నాడు చివరికి. "రావొద్దని."

రోజంతా లిఫ్టు ఖాళీగా నడవలేదు. మెట్లెక్కే వాళ్లు కూడా లిఫ్టెక్కారు. పని లేనివాళ్లు ఐదో అంతస్తుకు వెళ్లి దిగారు. పువ్వు పక్కన నిలబడడానికి ఒక్కోసారి ముగ్గురే పట్టారు.

మరుసటి రోజు పొద్దున పెంటయ్య గంట ముందే వచ్చాడు. వెంట రాణి ఉంది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, డబ్బా ఒళ్లో పెట్టాడు. డక్టులోకి వెళ్లి మట్టిలో వేలు గుచ్చాడు. వాసన చూశాడు. మట్టి కోలుకుంటోంది. లోపలికి వచ్చి జాలీ తలుపు వేశాడు.

"ఏ అంతస్తు అమ్మా?" అని అడిగాడు.

"గడ్డలు ఏడికి పోతే ఆడికే," అంది రాణి.

పెంటయ్య మట్టి వేలితో ఐదు నొక్కాడు.