కాశీబుగ్గ కొట్టూ, తోట కౌలూ

మా ఇంట్లో కుట్టుమిషను వంటగదికీ పడకగదికీ మధ్య నడవలో ఉండేది. జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లు, మా ఆయన లుంగీలో తిరుగుతుంటే సిగ్గుపడి గుమ్మం బయటే నిలబడిపోయేవారు. కాశీబుగ్గలో ఒక కొట్టు చూసుకోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. దానికోసం దాచుకున్నదంతా నా కుట్టుకూలే. అది పోతే మళ్లీ ఆ నడవలోకే. నా భయం అదొక్కటే.

జీడిపప్పు దుకాణం పక్కన కొట్టు దొరికింది. యజమాని డెబ్బై దాటిన పెద్దమనిషి, ఉద్దానంలో కొబ్బరితోటలున్నాయి. ఆయన ముందు కూర్చుని మా ఆయన అగ్రిమెంటు చదివాడు. ఆఫీసులో గుమాస్తా కదా, కాగితం కనిపిస్తే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. నాకు పోతుంది.

అడ్వాన్సు వేరు, గుడ్‌విల్ వేరు అని మా ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. ఖాళీ చేసిన రోజు అడ్వాన్సు తిరిగొస్తుంది. గుడ్‌విల్ ఇచ్చామంటే ఇచ్చినట్టే, దాని మొహం మళ్లీ చూడం. ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు లేని ఈ కట్నం ఏమిటని నాకు ఒళ్లు మండింది. మెట్ల కింద జాగా, ముందు కాలువ మీద పలకా కూడా అద్దె లెక్కకట్టే అడుగుల్లో కలిసే ఉన్నాయి. కరెంటు ఇంటి రేటు కాదు, కొట్టు రేటు. ఏటేటా అద్దె పెంపు. అన్నిటికీ తలూపుకుంటూ వచ్చి లాకిన్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మూడేళ్లలోపు ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె కూడా కట్టి పోవాలట, బేరం నడిచినా నడవకపోయినా.

నేను ఉద్దానం పిల్లని. మా నాన్న జీడితోటలు కౌలుకి చేసేవాడు. తుఫానుకి చెట్లు పడిపోతే మా ఊళ్లో ఆ ఏడు కౌలు అడగరు. అడిగినవాడిని పెళ్లికి కూడా మనస్ఫూర్తిగా పిలవరు. నాకు తెలిసిన కౌలు అదే. నోరు ఊరుకోలేదు.

"తుఫానొస్తే ఏటి మావయ్యా?"

మా ఆయన నా కాలు తొక్కాడు. "కొట్టుకి తుఫానేటే! ఇదేటి తోటనుకున్నావా?"

నాకు రోషం వచ్చింది. "కరెంటుండదు, దారుండదు, కుట్టించుకునే ఆడోళ్లు ఊళ్లోంచి రారు. సెట్టరు తియ్యకుండా అద్దె ఎక్కణ్నుంచి తెత్తాను?"

పెద్దాయన నవ్వుతాడనుకున్నాను. మాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. మా నాన్న ఎవరో కూడా అడిగాడు. అదీ చెప్పాను. తనకి తెలీదన్నాడు.

"పెద్ద తుఫానుకి నా కొబ్బరిసెట్లు సగానికి సగం పడిపోనాయి తల్లీ," అన్నాడు. "కౌలోడు ఏడుసుకుంటూ వచ్చినాడు. ఆణ్నేటి అడుగుతాను? వదిలేసినాను. తోటకి వదిలినోణ్ని కొట్టుకి అడిగితే ఏటి బాగుంటాది? రాయండి బాబూ."

మా ఆయన రాశాడు. తుఫానుకి కొట్టు తెరవలేని రోజులకి అద్దె లేదు. కొట్టు దెబ్బతిని ఖాళీ చెయ్యాల్సి వస్తే లాకిన్ లేదు. గుడ్‌విల్ మాత్రం పెద్దాయన పైసా తగ్గించలేదు. మంచివాడే గానీ వెర్రివాడు కాదు. బయటికొచ్చి చెరుకురసం తాగాను. ఎన్నాళ్లకో కడుపులో చల్లగా అనిపించింది.

కొట్టు తెరిచి కొన్నాళ్లయిందో లేదో, మొన్న తుఫాను రానే వచ్చింది. పొద్దున్నే వెళ్లి చూస్తే నా బోర్డు ఎటు ఎగిరిందో తెలీదు. కాశీబుగ్గంతా కరెంటు లేదు. మా ఆయన కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నాడు.

"రాసుకున్నాం గానీ, ఈ నెల అద్దె అడిగితే ఏటి సేద్దామే?"

"తోటనుకోండి," అన్నాను.

అన్నానే గానీ లోపల గుబులే. కాగితం మీద రాసిందంతా జరుగుతుందా? మధ్యాహ్నానికి ఫోను మోగింది. పెద్దాయనే.

"సెట్టరు నిలబడిందా తల్లీ?"

"నిలబడింది మావయ్యా."

"తెరిసిన రోజు సెప్పు. ఆ రోజు నుంచే మళ్లీ అద్దె."

ఫోను పెట్టేశాడు. నేను నడవలోకి వెళ్లాను. మిషను కొట్టుకి పోయాక ఆ చోటు ఇప్పుడు ఖాళీయే. అక్కడే చాప పరుచుకుని, బయట గాలి హోరుమంటుంటే, పట్టపగలు హాయిగా నిద్రపోయాను.