టీవీకెక్కని ఆటపెట్టె

కొత్త హైబ్రిడ్ గేమ్ కన్సోల్ కొనే ముందు ఏమేం తెలుసుకోవాలని ఎవరైనా అడిగితే మా ఇంట్లో అందరూ నా వైపు చూస్తారు. అందులో నేనేదో ఆరితేరానని కాదు. కొనే ముందు తెలుసుకోవాల్సినవన్నీ కొన్న తర్వాత, అదీ అత్తగారింట్లో, వీధి వీధంతా చూస్తుండగా తెలుసుకున్న మనిషి మా చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఆ ఆదివారం ఒక కొత్త అల్లుడి పరువు, ఒక బీరువా తలుపు, రంగయ్య అనే అమాయకుడి అరికాళ్లు, మూడూ ఒకే పూట దెబ్బతిన్నాయి. ఇప్పటికీ దొరవారిసత్రం పేరు వింటే నా బుగ్గ దానంతటదే పక్కకు తిరుగుతుంది.

అప్పటికి నాకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు. గూడూరులో నిమ్మకాయల కమిషన్ కొట్టు నడిపేవాణ్ణి. ఇప్పుడూ అదే పని. కాకపోతే అప్పట్లో లోకంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. కాయని చేతిలోకి తీసుకుని రసం ఎంతుందో చెప్పేవాడికి ఒక ప్లాస్టిక్ డబ్బా గురించి ఇంకొకరు చెప్పాలా అనుకునే రకం.

మా మామ పేరు పెంచలయ్య. దొరవారిసత్రం దగ్గర వరి పండించే రైతు. ఆ ఏడు కాలవ గట్టు మీద జారి పడి కుడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి మాత్రం పైకి లేవలేదు. కొంచెం ఎత్తగానే నొప్పి, నొప్పి అనగానే దించెయ్యడం. చొక్కా తొడుక్కోవడం మానేసినాడు. తువ్వాలు కప్పుకుని వసారాలో కుర్చీకి అంటుకుపోయినాడు. పొద్దున్నే చేను చూడందే కాఫీ తాగని మనిషి, ఒకరోజు ఉన్నట్టుండి "ఈ ఏడు చేను కౌలుకిచ్చేద్దాం" అన్నాడు. ఆ మాట ఫోన్లో విని నా భార్య సుజాత అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

గూడూరులో ఫిజియోథెరపీ చేసే హేమలత మేడం దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్లతో గోడ మీద పైపైకి పాకించమంది.

"బల్లి మాదిరి గోడ పాకే వయసా అమ్మా నాది?" అన్నాడు మామ. అంతటితో ఆ వ్యాయామం ముగిసింది.

అప్పుడు మేడం నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "చెన్నైలో నాకు తెలిసిన ఒక పెద్దాయన వీడియో గేముతో దారికొచ్చినాడు. టీవీ ముందర నిలబడి, చేతిలో చిన్న కర్రలాంటిది పట్టుకుని బంతి విసిరినట్టు ఊపాలి. తెర మీద బంతి దొర్లుతుంది. ఆట ధ్యాసలో పడి నొప్పి సంగతి మర్చిపోతారు. కొనేటట్టయితే ముందు నన్నొకసారి అడగండి. వాటిల్లో రకాలున్నాయి."

ఇందులో చివరి రెండు మాటలూ నా చెవిదాకా వచ్చి వెనక్కి తిరిగి పోయినాయి.

పోనీ అసలేమీ కనుక్కోకుండా కొన్నానా అంటే అదీ కాదు. 'కొనే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు' అని ఒక వీడియో పెట్టుకున్నాను. అందులో కుర్రాడు హైబ్రిడ్ అంటే ఏమిటో చక్కగా చెప్పినాడు. టీవీకి తగిలించి పెద్ద తెర మీద ఆడొచ్చు, ఊడదీసి చేత్తో పట్టుకునీ ఆడొచ్చు, రెండు పక్కలా ఉండే కర్రలు టక్కుమని ఊడి వస్తాయి. అంతవరకూ విన్నాను. ఇంతలో కొట్టు ముందు లారీ ఆగింది, బస్తాలు దించాలి, ఫోన్ జేబులో పెట్టేసినాను. ఆ కుర్రాడి తర్వాతి మాట, "కానీ వీటిల్లో ఒక చిన్న రకం ఉంది, అది మాత్రం..." అని. ఆ 'మాత్రం' తర్వాత ఏముందో నేను చాలా రోజులకు గానీ వినలేదు.

ఆ సాయంత్రం ఆన్‌లైన్లో చూస్తే ఒకటి అచ్చం పండిన నిమ్మకాయ రంగులో మెరిసిపోతోంది. పేరు చివర 'లైట్' అని ఉంది. లైట్ అంటే తేలిక. నొప్పి చెయ్యి ఉన్న మామకి తేలికైనదే కదా కావాల్సింది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి ఆర్డర్ పెట్టేసినాను. దాంతోపాటు బంతాట డబ్బా కూడా ఒకటి.

ఆగలేక మామకి ఫోన్ చేసినాను.

"మామా, మీ చెయ్యి బాగుచెయ్యడానికి హైబ్రిడ్ ఒకటి తెస్తున్నాను."

"హైబ్రిడ్డా? ఎన్నాళ్ల పంట?"

"పంట కాదు మామా. ఆట. టీవీ ముందర నిలబడి ఆడేది."

"తెచ్చేదేదో పెద్ద టీవీలో కనపడేది తీసుకురా. కళ్లు గూడా ఆనడం లేదు" అన్నాడు. ఆడనని అనలేదు. చెయ్యి విరిగినాక ఆయన దేనికైనా ఒప్పుకోవడం అదే మొదటిసారని సుజాత చెప్పింది. దాంతో నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

ఆదివారం పొద్దున పెట్టెలు రెండూ ఒళ్లో పెట్టుకుని సుజాతతో కలిసి వెళ్లాను. వెళ్లేసరికి అత్తమ్మ వీధిలో అందరికీ చెప్పేసి ఉంది. చెయ్యి ఊపడానికి చోటు కావాలని నేను ముందే చెప్పి ఉన్నాను కాబట్టి మంచాలు బయటేసినారు. బీరువా జరపబోతే దాని తలుపు ఊడి కింద పడింది. "పోనీలే, చెయ్యి బాగైతే చాలు" అంది అత్తమ్మ. పక్కింటి కస్తూరమ్మ అక్క గుమ్మంలో చాప వేసుకుని కూర్చుంది. ఎదురింటి రంగయ్య తన ఇంటి పని వదిలిపెట్టి వచ్చి, "ఏదన్నా ఎత్తాలంటే చెప్పన్నా" అని చేతులు నలుపుకుంటూ నిలబడినాడు.

మామ మాత్రం ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆ చొక్కా చేతుల్లోకి ఆయన చెయ్యి దూర్చడానికి పొద్దున ఎంతసేపు పట్టిందో అత్తమ్మ సుజాతకి చెవిలో చెబుతుంటే నాకూ వినపడింది. అప్పుడే నాకు కొంచెం భయం వేసి ఉండాల్సింది. వెయ్యలేదు.

పెట్టె విప్పినాను.

"ఇదేంది, చపాతీల డబ్బా మూత మాదిరుంది" అంది కస్తూరమ్మ అక్క.

"చూస్తూ ఉండక్కా" అన్నాను.

ముందు టీవీకి తగిలించాలి. వీడియోలో కుర్రాడు దీన్ని ఒక నల్లటి పీటలాంటి దాంట్లో నిలబెట్టినాడు. నా పెట్టెలో పీట లేదు. ఛార్జింగ్ తీగ ఒక్కటే ఉంది. ఫోన్ తీగ ఒకటి తెచ్చి ఒక కొస యంత్రానికి, ఇంకో కొస టీవీ వెనక ఉన్న సందులో పెట్టినాను. యంత్రం మీద చిన్న దీపం వెలిగింది.

"ఎక్కింది" అన్నాను.

ఎక్కింది కరెంటు. టీవీ తెర నల్లగా ఉండి, మధ్యలో సిగ్నల్ లేదని అక్షరాలు పడినాయి.

"సిగ్నల్ లేదంట" అన్నాడు మామ.

"మొన్నటి గాలికి డిష్ పక్కకు తిరిగి ఉంటుంది" అన్నాడు రంగయ్య. నేను ఔననీ కాదనీ అనేలోపే మిద్దె ఎక్కేసినాడు. పైనుంచి "ఇప్పుడొచ్చిందా?" అని అరుపు.

"రాలా" అంది అత్తమ్మ.

"ఇప్పుడు?"

"రాలా నాయనా, ఇంకొంచెం తిప్పు."

ఈలోపు నేను పెట్టెలోంచి కాగితం తీసి చదివినాను. దాని మీద చిన్న టీవీ బొమ్మ, ఆ బొమ్మను అడ్డంగా కొట్టేసిన ఎర్ర గీత. కింద ఒక్కటే వాక్యం. ఈ మోడల్ టీవీకి కలపడానికి పనికిరాదు.

ఆ క్షణంలో నాకెట్లా ఉందో చెప్పాలంటే, నిమ్మకాయలని లోడు ఎత్తించి, ఊరు దాటినాక విప్పి చూస్తే అన్నీ కోడిగుడ్లయినట్టుంది. నోరు తెరిచి నిజం చెప్పెయ్యాల్సింది. కానీ పైన రంగయ్య డిష్ తిప్పుతున్నాడు, కింద అందరూ టీవీ వైపు చూస్తున్నారు, నా గురించి మంచిగా అనుకునే చివరి నిమిషాలవి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ముందు కర్రలు ఊడదీద్దాం" అన్నాను గొంతు సవరించుకుని.

రెండు పక్కలా పట్టి లాగినాను. రాలేదు. మళ్లీ లాగినాను. సుజాతని పిలిచి, "నువ్వు ఆ పక్క పట్టు" అన్నాను. ఆమె ఆ పక్క, నేను ఈ పక్క, గుడ్డ పిండినట్టు పట్టుకుని లాగుతుంటే ప్లాస్టిక్ కిర్రుమంది.

"ఆగయ్యా, ఇవి ఊడేవి కావు. ఒకే పోత. చూడు, అతుకే లేదు" అంది సుజాత.

"ఊడాల."

"ఊడాలంటే ఊడతాయా? నువ్వు కొన్నదేంది అసలు?"

నేను ఆ ప్రశ్న వినపడనట్టు ఆట డబ్బా తెరిచినాను. లోపల ఆట ఎక్కించిన బిళ్ల ఉండాలి. బిళ్ల లేదు. అంకెలూ అక్షరాలూ అచ్చేసిన చీటీ ఒకటుంది.

"ఆట యాడుంది?" అంది అత్తమ్మ.

"ఇంటర్నెట్లో ఉంది అత్తమ్మా. ఈ అంకెలు కొడితే దిగుతుంది."

కొట్టినాను. ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇస్తే యంత్రం కాసేపు ఆలోచించి, ఆట పెద్దది, నాలో చోటు లేదు, మెమరీ కార్డు వేరే తెచ్చుకోమంది. సుజాత అది పైకి చదివింది. అందరికీ వినపడేటట్టు చదివింది. మా పెళ్లిలో మంత్రాలు కూడా అంత స్పష్టంగా వినపడలేదు.

"టీవీకి ఎక్కక, కర్రలు ఊడక, డబ్బాలో ఆట లేక, ఆటకి చోటూ లేక" అంది కస్తూరమ్మ అక్క, "మరి ఇది ఏం చేస్తది నాయనా?"

దాన్ని చేసినవాళ్లొచ్చినా ఆ గదిలో జవాబు చెప్పలేకపోయేవాళ్లు. మామ కుర్చీలోంచి మెల్లగా అడిగినాడు.

"అల్లుడూ, ఇది టీవీలో కనపడదా?"

"కనపడదు మామా. చేతిలో పట్టుకుని ఆడేది."

"చెయ్యి ఊపేది?"

"ఊపనక్కర్లేదు. రెండు బొటనవేళ్లు కదిలిస్తే చాలు."

"నా బొటనవేళ్లకేమైంది?" అన్నాడు.

ఆయన ఆ తెల్ల చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాడు. ఆ చూపు నాకు కత్తి దింపినట్టయింది. అక్కడైనా ఊరుకున్నానా? దెబ్బతిన్న పరువుని నిలబెట్టుకోవాలని, "పోనీ మామా, దీన్నే చేత్తో పట్టుకుని ఇట్టా గాల్లో ఊపండి, బంతి విసిరినట్టు. తేలిగ్గా ఉంటుంది, లైట్ మోడల్" అన్నాను.

సరిగ్గా అప్పుడు మిద్దె మీదినుంచి రంగయ్య గొంతు వినపడింది. "అన్నా, కాళ్లు కాలిపోతున్నాయి. ఇప్పుడన్నా వచ్చిందా?"

మామ తల పైకెత్తి మిద్దె వైపు చూసినాడు. తర్వాత నా జేబులోంచి బయటికి వేలాడుతున్న కాగితం వైపు చూసినాడు. చెయ్యి విరిగింది గానీ ఆయన బుర్రకేం దెబ్బ తగల్లేదు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు.

నేను కాగితాన్ని జేబులోకి ఇంకా లోపలికి తోసినాను.

"తెలిసి గూడా వాణ్ణి ఎండలో నిలబెట్టినావా?"

కుర్చీలోంచి లేచినాడు. లేచి నా ముందుకొచ్చి చెయ్యెత్తినాడు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. బుగ్గ ఏ వైపు ఇవ్వాలో కూడా నిర్ణయించుకున్నాను.

దెబ్బ పడలేదు. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూస్తే ఎవరూ నా వైపు చూడటం లేదు. అత్తమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సుజాత కళ్లు పైకి నిలిచిపోయినాయి. అందరూ చూస్తున్నది మామ చేతిని. కుడి చెయ్యి. తలకి పైన, నిటారుగా, ఫ్యాను రెక్క తగిలేటంత ఎత్తున ఉంది.

"నాన్నా, నీ చెయ్యి" అంది సుజాత.

మామ తలెత్తి తన చేతిని తనే చూసుకున్నాడు. ఎవరి చెయ్యో తన భుజానికి తగిలించినట్టు చూసినాడు. కోపం యాడ పోయిందో తెలియదు, ముఖంలో రక్తం లేదు.

"దించేదా?" అని అడిగినాడు అత్తమ్మని, చిన్నగా.

"దించితే మళ్లీ లేస్తదో లేదో" అందామె. "కాసేపు అట్నే ఉంచయ్యా."

ఆయన అట్నే నిలబడినాడు. రంగయ్య మిద్దె దిగి వచ్చి, కాలిన పాదాలు మార్చి మార్చి వేస్తూ, చెయ్యెత్తి ఉన్న మామని చూసి తనకేదో దీవెన ఇస్తున్నాడనుకుని వంగి దండం పెట్టినాడు. దాంతో కస్తూరమ్మ అక్క పకపకా నవ్వింది, ఆమెని చూసి మామా నవ్వినాడు, నవ్వులో చెయ్యి దానంతటదే కిందికొచ్చింది. తర్వాత ఆయనే మళ్లీ ఎత్తి చూసినాడు. నొప్పికి పళ్లు బిగపట్టినాడు గానీ చెవి దాటించినాడు. అత్తమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో నన్ను తిట్టాల్సినవాళ్లెవరికీ తీరిక దొరకలేదు.

మర్నాడు హేమలత మేడం ఆయన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి నోరెళ్లబెట్టింది.

"ఎముక ఎప్పుడో కుదురుకుంది, నొప్పి పుడుతుందనే భయమే మిగిలింది. అది ఒక్కరోజులో ఇంత పోవడం నేను చూడలేదు. ఏ యంత్రం వాడినారు?"

"యంత్రం కాదమ్మా" అన్నాడు మామ. "అల్లుడు."

ఆ ఏడు చేను కౌలుకివ్వలేదు. మామే దగ్గరుండి నాట్లు వేయించినాడు. నిమ్మకాయ రంగు పెట్టెకి మెమరీ కార్డు కొన్నాం, ఇప్పుడు దానిమీద అత్తమ్మ ఆడుతోంది, బొటనవేళ్లు నొప్పులంటోంది.

నేను మాత్రం ఆరోజే ఒట్టేసుకున్నాను. టీవీకి ఎక్కుతుందా, కర్రలు ఊడి వస్తాయా, డబ్బాలో ఆట ఉందా, ఆటకి చోటుందా అని నలుగురినీ అడిగి, వీడియోని చివరిదాకా చూసి, లారీ వచ్చినా లెయ్యకుండా విని, ఆ తర్వాతే ఏ యంత్రమైనా కొంటాను. ఈ మధ్య మామకి మోకాలు బిగుసుకుపోయిందట, కాలు పైకి లేవడం లేదట. అల్లుణ్ణి ఒకసారి పంపమని అత్తమ్మ ఫోన్ చేస్తోంది. ఆ వైద్యానికి నేను ఏ వైపు తిరిగి నిలబడాలో అర్థమయింది కాబట్టి, ఆ కాలు కుదుటపడేదాకా దొరవారిసత్రం పొలిమేర తొక్కనని ఇంకో ఒట్టు కూడా ఇప్పుడే, మీ అందరి ముందూ వేస్తున్నాను.