మిగతా నలభై ఆరు పేజీలు

చాయ్ పక్కకు పెట్టుండ్రి, ముందు నా గోస వినుండ్రి. నేను రాస్తున్న నవల నిన్న మూడు ఊళ్లల్ల అమలైంది! అచ్చు గాలే, అమలైంది! నవ్వకుండ్రి, నా నౌకరీ పోయేతట్టున్నది.

మీకు తెల్సు గద, వనపర్తిల మా ఆఫీసుల నాది కాంట్రాక్టు కొలువు. ఏటేటా పెద్దసారు సంతకం పెడితేనే ఉంటది. గీ వారంలనే పెట్టాలె. నేనేమో ఆయన మీదనే నవల రాస్తున్న. అందుల సంస్థానాలు దేశంల కలవనే లేదు, రాజుల ఆఫీసులు ఇప్పటికీ నడుస్తున్నయ్, కంప్యూటర్లున్నయ్, దివాన్లూ ఉన్నరు. ఆ దివాన్ మా పెద్దసారే. ఉన్నదున్నట్టు దించిన. తిన్నంక గురక, లేచినంక తిట్లు, చదవకుండ సంతకం, అన్నీ!

శుక్రవారం ఒక పేజీ ఆఫీసు ప్రింటర్ల తీసిన. ఏందా పేజీ? దివాన్ ఉత్తర్వు. "ఉద్యోగులందరు ఉదయం పది గంటలకు తలపాగా ధరించి దివాన్ గారి కుర్చీకి మూడు సలాములు చేయవలెను. కుర్చీ ఖాళీగా ఉన్నను చేయవలెను." చదువుకొని నాకు నేనే నవ్వుకున్న. గంతల ఫోన్ వచ్చింది, మాట్లాడుకుంట బయటికి పోయిన.

మా అటెండర్ బాలమణక్కకు ఏ కాగితమైనా ఒక్కటే. ప్రింటర్ల ఏదున్నా తీస్తది, కింద సంతకం కాడ పెన్సిల్‌తోని గుర్తు పెడతది, సారు ముందర పెడతది. సారు కండ్లు ఆ గుర్తు మీదనే ఉంటయ్. "దివాన్" అన్న మాట మీదనే సంతకం గీకి, ముద్ర గూడ గుద్దిండు. పొద్దు గూకక ముందే గద్వాల, ఆత్మకూరు, కొల్లాపూర్ బ్రాంచీలకు పోయింది.

నిన్న పొద్దున ఆత్మకూరు నుంచి ఫోన్. "అన్నా, తలపాగా ఏ రంగుది గట్టాలె?"

ప్రింటర్ కాడికి ఉరికిన, నా పేజీ లేదు! గద్వాల వాళ్లు ఫోటోనే పంపిండ్రు. తొమ్మిది మంది వరుసగ, ఖాళీ కుర్చీకి సలాం. ఒకాయన ఇంటామె పట్టుచీరనే చుట్టుకున్నడు, జరీ మెరుస్తున్నది. ఒక్కడన్న గిదేందని అడగలే! కొల్లాపూర్ క్లర్కు మాత్రం హుషారు. సారుకే ఫోన్ చేసిండు. "సార్, కింద నలభై ఏడో పేజీ అని ఉన్నది. మిగతా నలభై ఆరు పేజీలు మాకు రాలే."

సారు పిలిచిండు. టేబుల్ మీద నా కాంట్రాక్టు కాగితం, సంతకం లేకుండ.

"గీ ఉత్తర్వు ఎవరు తయారు జేసిండ్రు?"

"నేనే సార్." ఇగ అయిపోయిననుకున్న.

సారు అటు చూసిండు, ఇటు చూసిండు. చదవకుండ సంతకం పెట్టిన అంటే ఇజ్జత్ పోతది గద! దగ్గి, గొంతు సవరించుకున్నడు.

"నేను చదివే పెట్టిన. మంచిగున్నది. మిగతా పేజీలు సోమవారం పది గంటలకు నా టేబుల్ మీదుండాలె. అవి చదివినంక నీ కాగితం సంగతి చూద్దాం."

"మీరు చదువుతరా సార్?" నోరు జారింది.

"మొత్తం చదువుత!"

అప్పటి సంది కుదురు లేదు, కూసుంటే కూసోబుద్ధి కాదు, లేస్తే లేవబుద్ధి కాదు. తిరగ రాస్తున్న. "గురక" ఉన్న కాడల్లా "ధ్యానం" అని పెట్టిన. "చదవకుండ సంతకం" కాడ "సిబ్బంది మీద అపార నమ్మకం" అని రాసిన. ముప్పై పేజీలైనయ్, ఇంక పదహారున్నయ్.

నేను పోత. మీ ఇంట్ల మంచి తలపాగా ఉంటే జర ఇయ్యుండ్రి. రేపు ఆ కుర్చీకి మొదటి సలాం నాదే.